జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన పారిశ్రామికవేత్త, యంత్ర నిర్మాత, మోటారు రవాణా వ్యాపారి. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబములో జన్మించాడు. పాఠశాల చదువును ప్రాథమిక దశలోనే విడిచిపెట్టినా, యంత్రములను విప్పి చూచి వాటి పనితీరును స్వయంగా నేర్చుకున్నాడు. 1920లో ఒకే ఒక బస్సును కొని, దానిని తానే నడిపి, ఆ ఒక్క వాహనము నుండి దక్షిణ భారతదేశములో పేరుపొందిన బస్సు సంస్థను నిర్మించాడు. యాభై యేళ్ళు దాటిన తరువాత ఆ వ్యాపారము నుండి విరమించి, మిగిలిన జీవితమును సాంకేతిక విద్యకు, ప్రయోగాలకు, వ్యవసాయమునకు వినియోగించాడు. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు.

జననము, కుటుంబ నేపథ్యము

నాయుడు కోయంబత్తూరు సమీపములోని కలంగల్ గ్రామములో ఒక రైతు కుటుంబములో జన్మించాడు. తండ్రి పేరు గోపాలస్వామి నాయుడు. బాల్యములోనే తల్లిని కోల్పోయాడు. విజయనగర, నాయక రాజుల కాలములో తెలుగు ప్రాంతము నుండి దక్షిణానికి తరలి వెళ్ళిన రైతు కుటుంబాలు కోయంబత్తూరు పరిసరాలలోని నల్లరేగడి భూములలో స్థిరపడి, పత్తి సాగును ప్రధాన వృత్తిగా చేసుకున్నాయి. ఈ కుటుంబాలలో ఇంటిలో తెలుగు, బయట తమిళము వాడుకలో ఉండేవి. కోయంబత్తూరు పారిశ్రామిక నగరముగా ఎదగడంలో ఈ పత్తి రైతుల సంతతి వారి పాత్ర పెద్దది. నాయుడు ఆ తరమునకు చెందినవాడు.

చదువు

పాఠశాలలో కూర్చుని వల్లె వేయడము నాయుడుకు ఏనాడూ రుచించలేదు. కొద్ది తరగతులతోనే బడి చదువు ముగిసింది. పొలము పనులలో ఉంటూ, దొరికిన పుస్తకములను తన ఇష్టానుసారముగా చదువుకునేవాడు. పుస్తకము కన్న వస్తువు ద్వారా నేర్చుకునే ఈ పద్ధతే తరువాతి కాలములో ఈయన విద్యా సిద్ధాంతమునకు మూలమైనది. కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న రోజులలో ఈయనకు, ప్రభుత్వానికి మధ్య వచ్చిన విభేదమునకు బీజము కూడా ఇక్కడే ఉన్నది.

మోటారు సైకిలు

యువకుడుగా ఉన్నప్పుడు ఒక ఆంగ్ల రెవిన్యూ అధికారి మోటారు సైకిలుపై గ్రామమునకు రావడము నాయుడు చూచాడు. ఎద్దుగాని గుర్రముగాని లాగకుండా దానంతట అదే నడిచే వాహనము ఆనాటి పల్లెలలో వింత. అటువంటి వాహనమును సంపాదించాలని నిశ్చయించుకొని కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేస్తూ డబ్బు కూడబెట్టాడు. చివరకు ఆ అధికారి వద్దనే ఆ మోటారు సైకిలును కొన్నాడు.

కొన్న తరువాత ఈయన మొదట చేసిన పని దానిని పూర్తిగా విప్పడము. ఏ భాగము ఎందుకు ఉన్నదో, ఒకటి లేకపోతే మరొకటి ఎందుకు పనిచేయదో పరిశీలించి తిరిగి బిగించాడు. దగ్గరలో మెకానిక్కులు గాని, విడిభాగాలు అమ్మే దుకాణాలు గాని లేని కాలములో, యంత్రమును బాగుచేసుకోలేనివానికి అది కొద్ది రోజులలోనే పనికిరాని ఇనుము అయ్యేది. యంత్రము కొనడమంటే దానిని అర్థము చేసుకోవడము కూడా అనే నియమమును నాయుడు జీవితమంతా పాటించాడు.

పత్తి వ్యాపారము - నష్టము

తరువాత నాయుడు తిరుప్పూరులో పత్తి వ్యాపారములో దిగాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో (1914-1918) పత్తికి గిరాకీ పెరగడముతో మంచి లాభాలు వచ్చాయి. ఆ ధైర్యముతో బొంబాయి వెళ్ళి అక్కడి పెద్ద పత్తి వర్తకులతో పోటీకి దిగాడు. ధరల హెచ్చుతగ్గులపై సాగే ఆ విపణిలో పెద్ద పెట్టుబడి గల వర్తకుల ముందు నిలువలేక, సంపాదించినదంతా పోగొట్టుకొని కోయంబత్తూరుకు తిరిగి వచ్చాడు. ఇక మీదట తన చేతితో తాకి, తన కంటితో చూచి లెక్క కట్టగల వ్యాపారములోనే ఉన్నాడు.

తొలి బస్సు

కోయంబత్తూరులో ఆ కాలమున పేరుపొందిన ఆంగ్ల వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ (1841-1936). నగరములో తొలి నూలు మిల్లు, స్టేన్స్ పాఠశాల ఈయన స్థాపించినవే. నాయుడులోని యాంత్రిక ప్రజ్ఞను, శ్రమించే గుణమును గుర్తించి స్టేన్స్ అప్పు ఇచ్చి ఆదుకున్నాడు. ఆ సహాయముతో నాయుడు 1920లో ఒక బస్సును కొన్నాడు.

ఆనాడు బస్సు కొనడము నేటి కొనుగోలు వంటిది కాదు. ఇంజను, ఛాసిస్ విదేశముల నుండి ఓడలో వచ్చేవి. వాటిపై చెక్కతో బాడీ కట్టే పని ఇక్కడి వడ్రంగులు, కమ్మరులు చేసేవారు. ఇంజనును ముందువైపు నుండి హ్యాండిలు తిప్పి స్టార్టు చేయాలి. రోడ్లు కంకరవి, వంతెనలు తక్కువ. ఎండలో రేడియేటరులో నీరు మరిగిపోతే దారిలో బావి వెదకవలసి వచ్చేది. ఇంజన్లన్నీ పెట్రోలువే. డీజిల్ ఇంజను గల లారీలు జర్మనీలోనే 1923-24 వరకు రాలేదు. భారతదేశములో బరువైన డీజిల్ వాహనముల తయారీ స్వాతంత్ర్యము తరువాతనే మొదలైనది. కాబట్టి అప్పు చేసి బస్సు కొన్న వ్యక్తి ఎంత బరువు ఎక్కించవచ్చునో, ఒక ట్రిప్పుకు ఎంత పెట్రోలు పడుతుందో, టైర్లు ఎన్నాళ్ళు వస్తాయో తానే తేల్చుకోవాలి. లెక్క తప్పితే వాహనము అప్పు ఇచ్చినవారి పాలవుతుంది.

నాయుడు ఎన్నుకున్న మార్గము పొల్లాచ్చి - పళని. పళని కొండపై కొలువైన సుబ్రహ్మణ్యస్వామి ఆలయమునకు ఏడాది పొడుగునా యాత్రికులు వస్తారు. పొల్లాచ్చి వరకు రైలు వచ్చినా, అక్కడి నుండి పళనికి రైలు మార్గము 1928లో గాని రాలేదు. అంటే బస్సు తిరగడము మొదలైనప్పుడు ఆ దారిలో యాత్రికులకు రైలు సౌకర్యము లేదు. తిరుపతి వంటి పుణ్యక్షేత్రముల చుట్టూ రవాణా ఎట్లు పెరిగిందో తెలిసినవారికి ఈ ఎంపికలోని వివేకము సులభముగా బోధపడుతుంది. పండుగలకు రద్దీ పెరిగినా, మామూలు రోజులలోనూ బస్సు ఖాళీగా తిరగదు. డ్రైవరు, మెకానిక్కు, యజమాని ఒక్కరే కావడముతో ఖర్చు కూడా తగ్గింది.

యూనివర్సల్ మోటార్ సర్వీస్

ఒక బస్సు ఆదాయముతో మరొకటి కొంటూ నాయుడు నిర్మించిన సంస్థ పేరు యూనివర్సల్ మోటార్ సర్వీస్. కోయంబత్తూరు ప్రాంత ప్రజలు దీనిని యు.ఎం.ఎస్. అని పిలిచేవారు. కొద్ది సంవత్సరాలలోనే దేశములో సమర్థముగా నడిచే బస్సు సముదాయములలో ఒకటిగా పేరుపొందినది.

1920లలో బస్సు వ్యాపారము మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా అస్తవ్యస్తముగా ఉండేది. ఒకటి రెండు బస్సులు గల చిన్న యజమానులు ఒకే దారిలో పోటీ పడి, బస్సు నిండేవరకు కదలకుండా, నిండిన తరువాత వేగముగా పోనిచ్చేవారు. ఇటువంటి వ్యాపారములో వాహనము త్వరగా అరిగిపోతుంది, ప్రయాణికుని నమ్మకము నిలువదు. అనేక బస్సులను ఒకే సంస్థ క్రింద క్రమపద్ధతిలో నడపడము వలన మరమ్మతులకు ఒకే వర్క్‌షాపు, విడిభాగాలకు ఒకే నిల్వ, ఒక బస్సు ఆగినప్పుడు దాని స్థానములో మరొకటి పంపే వీలు కలుగుతాయి. మరమ్మతుల కొరకు ఏర్పడిన వర్క్‌షాపులే తరువాత నాయుడు ప్రయోగశాలలుగా మారాయి.

1930లలో రైలు కంపెనీలు బస్సుల పోటీ గురించి ప్రభుత్వమునకు ఫిర్యాదు చేశాయి. రోడ్డు - రైలు పోటీపై మిచెల్, కిర్క్‌నెస్ సమర్పించిన నివేదిక, దాని తరువాత వచ్చిన 1939 నాటి మోటారు వాహనముల చట్టము వలన మార్గమునకు, బస్సుల సంఖ్యకు పర్మిట్లు తప్పనిసరి అయినాయి. రెండవ ప్రపంచ యుద్ధములో పెట్రోలు రేషను రావడముతో ప్రెసిడెన్సీలోని బస్సులు బొగ్గు గ్యాసుతో కూడా నడిచాయి. డ్రైవరు నైపుణ్యముతో మొదలైన వ్యాపారము క్రమముగా అనుమతి పత్రములపై ఆధారపడినదిగా మారినది.

విదేశ యాత్రలు

1930లలో నాయుడు ఐరోపా దేశాలు పర్యటించాడు. ఈయనకు ఫొటోగ్రఫీ, సినిమా కెమెరాలపై మక్కువ ఎక్కువ. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. మహాత్మా గాంధీ, జవాహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోసులను కూడా తన కెమెరాలో బంధించాడు. జర్మనీలో సూక్ష్మ యంత్ర పరిశ్రమలను చూచిన అనుభవము ఈయన తరువాతి ప్రయోగాలకు తోడ్పడింది.

యంత్ర పరికరాలు

నాయుడు రూపొందించిన వస్తువులలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది రాసంత్ అనే విద్యుత్ క్షౌర యంత్రము. చిన్న మోటారును లోపల అమర్చి, బ్యాటరీ సెల్లులతో నడిచేటట్లు దీనిని రూపొందించాడు. ఇవిగాక మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడ్లు, సినిమా కెమెరాలకు దూరమును సరిచేసే పరికరము, పండ్ల రసము తీసే యంత్రము, మోసమునకు తావులేని ఓటు నమోదు యంత్రము, కిరోసినుతో తిరిగే పంకా ఈయన పేరుతో ముడిపడి ఉన్నాయి. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు భారతదేశములోనే తయారుచేయగలనని ప్రకటించాడు.

ఈ జాబితాను పరిశీలిస్తే ఒక లక్షణము కనిపిస్తుంది. అవి చాలా వరకు సామాన్యుని ఇంటిలో నిత్యము పనికివచ్చే వస్తువులు. కొత్త శాస్త్ర సిద్ధాంతమును కనుగొనడము నాయుడు మార్గము కాదు. ఇతర దేశాలలో ఉన్న యంత్రమును విప్పి, అందులో అనవసరమైనది తొలగించి, ఇక్కడి వారు కొనగల ధరకు తేవడము ఈయన మార్గము. కరెంటు లేని ఊరిలో కిరోసిను పంకా ఎంత అవసరమో ఆలోచిస్తే ఈ దృష్టి అర్థమవుతుంది.

విద్యుత్ మోటారు

నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రము 1932లో పనిచేయడము ప్రారంభించడముతో కోయంబత్తూరుకు విద్యుత్తు అందింది. మిల్లులు పెరిగాయి, బావుల వద్ద కపిల తోలే రైతులు విద్యుత్ పంపుల వైపు చూడసాగారు. మోటార్లు మాత్రము విదేశముల నుండే రావలసి ఉండేది. పీలమేడులోని నాయుడు కర్మాగారము నుండి 1937లో స్వదేశీ విద్యుత్ మోటారు వెలువడింది. దీనిని భారతదేశములో తయారైన తొలి మోటారుగా పేర్కొంటారు. దీని రూపకల్పనలో ప్రధాన పాత్ర డి.బాలసుందరం నాయుడుది. ఆయన తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు.

ఈ ప్రయత్నముల నుండి పెరిగిన పరిశ్రమ వలననే కోయంబత్తూరు మోటార్లకు, పంపుసెట్లకు కేంద్రమైనది. వానలు తక్కువై బావులపై ఆధారపడిన చిత్తూరు, అనంతపురం జిల్లాల రైతులకు కోయంబత్తూరు మోటారు అనే మాట దశాబ్దాలుగా పరిచయమైనది.

వ్యాపార విరమణ

1944లో నాయుడు తన మోటారు సంస్థల ప్రత్యక్ష నిర్వహణ నుండి విరమించుకున్నాడు. అప్పటికి ఈయన వయస్సు 51 సంవత్సరములు. ఆ సందర్భమున పరిశోధక విద్యార్థులకు వేతనములు, తన ఉద్యోగుల సంక్షేమమునకు, అణగారిన వర్గాల సంక్షేమమునకు పథకములు ప్రకటించాడు. లాభములో నడుస్తున్న వ్యాపారమును సమర్థతలో ఉండగానే విడిచిపెట్టడము ఆ రోజులలో అరుదు.

అదే సంవత్సరము ఏప్రిల్‌లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డును మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. దాని రూపకల్పన మోక్షగుండం విశ్వేశ్వరయ్యది. అంతవరకు కాలినడకన, డోలీలలో కొండ ఎక్కిన యాత్రికులకు మోటారు దారి ఏర్పడింది. పళని దారిలో నాయుడు పాతికేళ్ళ క్రితము గుర్తించిన అవసరము తిరుపతిలో ఈ విధముగా తీరినది. హోప్, విశ్వేశ్వరయ్య ఇద్దరికీ నాయుడు పనితో సంబంధమున్నది. నాయుడు విరాళముతో ఏర్పడిన విద్యాసంస్థలకు హోప్ పేరు పెట్టగా, విశ్వేశ్వరయ్య నాయుడు వ్యవసాయ క్షేత్రమును దర్శించాడు.

సాంకేతిక విద్య

నాయుడు విరాళములతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. 1945లో ఆ కళాశాలకు నాయుడే ప్రిన్సిపాలుగా పనిచేశాడు. పట్టా లేని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతి కావడము విశేషము.

అయితే పాఠ్యక్రమము విషయములో ప్రభుత్వముతో భేదాభిప్రాయము వచ్చింది. నాలుగేళ్ళ కోర్సు విద్యార్థుల కాలమును వృథా చేస్తుందని, శ్రద్ధగా బోధిస్తే రెండేళ్ళు చాలునని నాయుడు వాదించాడు. ఒక విద్యార్థి ఒకే సమయములో ఒకటి కంటె ఎక్కువ కోర్సులు చదువవచ్చునని కూడా ఈయన అభిప్రాయము. ప్రభుత్వము అంగీకరించకపోవడముతో నాయుడు పదవికి రాజీనామా చేశాడు. ఆ కళాశాలయే నేడు తడాగం రోడ్డులోని ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

ఈ వివాదములో రెండు పక్షాల వాదనలలోనూ బలమున్నది. గణితము, భౌతిక శాస్త్రము లోతుగా చదవనిదే కొత్త యంత్రమును రూపొందించలేరన్నది విశ్వవిద్యాలయముల వాదన. నాలుగేళ్ళు చదివినా ఒక ఇంజను విప్పి బిగించలేని పట్టభద్రుని వలన దేశమునకు ప్రయోజనమేమన్నది నాయుడు ప్రశ్న. ఇంజనీరింగు విద్యపై జరిగే చర్చలలో ఈ ప్రశ్న నేటికీ వినిపిస్తూనే ఉన్నది.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చుని ప్రయాణించగల పెట్రోలు కారును తయారుచేశాడు. దాని ధర 2,000 రూపాయలు. మధ్యతరగతి కుటుంబము కొనగల కారు అనే భావన ఈ దేశములో అప్పటికి కొత్త. అయితే ప్రభుత్వము లైసెన్సు ఇవ్వడానికి నిరాకరించడముతో ఉత్పత్తి ఆగిపోయినది.

ఆ కాలపు విధానమును గమనిస్తే దీనికి కారణము కొంత తెలుస్తుంది. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టము ప్రకారము ఏ వస్తువును ఎవరు తయారుచేయాలో ప్రభుత్వము నిర్ణయించేది. విదేశీ మారకము తక్కువగా ఉన్నందున మోటారు పరిశ్రమను కొద్ది సంస్థలకే పరిమితము చేశారు. ప్రయాణికుల కార్ల కన్న బస్సులకు, లారీలకు ప్రాధాన్యమిచ్చారు. ఆ పద్ధతిలో సొంత వర్క్‌షాపులో కారు చేసిన వ్యక్తికి స్థానము లేకపోయింది. సామాన్యునికి అందుబాటులో ఉండే చిన్న కారు దేశములో పెద్ద ఎత్తున రావడానికి 1983లో మారుతి కారు వచ్చేవరకు ఆగవలసి వచ్చింది. నాయుడు కారు పెద్ద సంఖ్యలో తయారై ఉంటే రోడ్డుపై ఎంతవరకు నిలిచేదో చెప్పలేము. దానిని పరీక్షించే అవకాశమే దక్కలేదు.

వ్యవసాయము

రైతు కుటుంబములో పుట్టిన నాయుడు మొక్కలపై కూడా ప్రయోగాలు చేశాడు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలలో కొత్త రకములను గుర్తించి పెంచాడు. ఈయన పొలమును చూడడానికి సర్ సి.వి.రామన్, విశ్వేశ్వరయ్య వచ్చారు. యంత్రమైనా మొక్క అయినా, దగ్గర నుండి పరిశీలించి, మార్పు చేసి, ఫలితము చూడడము ఈయన పద్ధతి.

రాజకీయములు

నాయుడు 1937లో రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయాడు. ఆ ఎన్నికలలో మద్రాసు ప్రెసిడెన్సీలో కాంగ్రెసు ఘన విజయము సాధించింది. ఆ ఓటమి తరువాత నాయుడు కృషి పరిశ్రమలు, విద్య వైపే సాగింది.

కొన్ని స్పష్టతలు

నాయుడు గురించి ప్రచారములో ఉన్న విషయాలలో కొన్ని సరిచూడవలసి ఉన్నది. ఐదవ జార్జి అంత్యక్రియలను 1935లో చిత్రీకరించినట్లు కొన్ని రచనలలో ఉన్నది. చక్రవర్తి మరణించినది 1936 జనవరి 20న. తొలి స్వదేశీ మోటారును నాయుడు ఒక్కడే తయారుచేశాడని చెప్పడము కూడా సరికాదు. బాలసుందరం వంటి నిపుణులను చేరదీసి, వారికి పనిముట్లు, పెట్టుబడి, స్వేచ్ఛ సమకూర్చడము నాయుడు గొప్పతనము. ఎడిసన్ ప్రయోగశాలలోనూ జరిగినది అదే కనుక ఆ పోలిక ఈ విషయములో ఉచితమైనది. అయితే ఎడిసన్ ఆవిష్కరణలు పెద్ద పరిశ్రమలుగా మారాయి. నాయుడు రూపొందించిన వాటిలో చాలా వరకు నమూనాలుగానే మిగిలిపోయాయి.

చివరి సంవత్సరములు, మరణము

1970లలో తమిళనాడు ప్రభుత్వము పెద్ద ప్రైవేటు బస్సు సంస్థలను జాతీయము చేసింది. కోయంబత్తూరు ప్రాంతమునకు 1972లో చేరన్ రవాణా సంస్థ ఏర్పడింది. అర్ధశతాబ్దము క్రితము ఒక వ్యక్తి అప్పు చేసి కొన్న బస్సుతో ఆ ప్రాంతములో మొదలైన ప్రైవేటు రవాణా యుగములో ఒక అధ్యాయము దానితో ముగిసింది. నాయుడు 1974 జనవరి 4న తన 80 యేళ్ళ వయస్సులో మరణించాడు.

స్మృతి చిహ్నములు

కోయంబత్తూరులోని అవినాశి రోడ్డులో ఈయన పేర ఉన్న పారిశ్రామిక ప్రదర్శనశాలలో నాయుడు రూపొందించిన, సేకరించిన పరికరాలు భద్రపరచబడి ఉన్నాయి. అక్కడే 2015లో పాత కార్ల మ్యూజియము ప్రారంభమైనది. దక్షిణ భారత విద్యార్థులు విజ్ఞాన యాత్రలలో దర్శించదగిన ప్రదేశాలలో ఇది ఒకటి. ఈయన జీవితముపై ఫిల్మ్స్ డివిజన్ నిర్మించిన డాక్యుమెంటరీకి 2018 సంవత్సరానికి ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రముగా జాతీయ పురస్కారము లభించింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై ప్రారంభమైన సుమారు 10 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వము జి.డి.నాయుడు పేరు పెట్టింది.